మీ రెజ్యూమెలో ఉన్నది స్పెక్ షీటా, రివ్యూనా? పెగడపల్లిలో ఒక రిపేర్ బుక్ చెప్పిన సంగతి

5000 ఎంఏహెచ్ బ్యాటరీ. 120 హెర్ట్జ్ డిస్‌ప్లే. 50 మెగాపిక్సెల్ కెమెరా. ఈ మూడు లైన్లు చదివి మీరు ఫోన్ కొంటారా? కొనరు కదా. ఇదే సైట్‌కి వచ్చి రివ్యూ చదువుతారు. గేమ్ ఆడితే ఎంత వేడెక్కింది, రాత్రి ఫోటో ఎలా వచ్చింది, పొద్దున ఫుల్ ఛార్జ్ చేస్తే రాత్రికి ఎంత మిగిలింది అని చూస్తారు. స్పెక్స్ ఎవరికైనా ఒకేలా ఉంటాయి. వాడితే ఏమైందన్నదే అసలు విషయం.

మరి మన రెజ్యూమెలో మనం ఏం రాస్తున్నాం? జావా, పైథాన్, టీమ్ ప్లేయర్, హార్డ్ వర్కర్. అంతా స్పెక్ షీటే. రివ్యూ ఎక్కడా లేదు.

ఈసారి ఫోన్ రివ్యూ కాదు, రెజ్యూమె మీద రాస్తున్నాను. కారణం మా తమ్ముడు.

"ఏం లేదన్నా, గా షాపుల ఉన్న"

మాది జగిత్యాల జిల్లా పెగడపల్లి. పోయిన సంక్రాంతికి ఊరికి పోతే మా చిన్నబాపు కొడుకు ల్యాప్‌టాప్ పట్టుకొని వచ్చాడు. వాడు బీటెక్ ఈసీఈ. చదువయ్యాక జాబ్ రాలేదు. ఖాళీగా ఉండలేక జగిత్యాలలో ఒక మొబైల్ రిపేర్ షాపులో చేరి రెండేళ్లయింది. ఫోన్ టెస్టింగ్, సర్వీస్ ఇంజనీర్ జాబ్‌లకు అప్లై చేస్తూనే ఉన్నాడు. ఒక్క కాల్ కూడా లేదు.

"అన్నా, ఒకసారి నా రెజ్యూమె జూడు. మావోళ్లు కొందరు ఫేక్ ఎక్స్‌పీరియెన్స్ వెట్టుకుంటున్నరు. నేను గూడ రెండేండ్లది వెట్టుకుందునా?"

"మరి ఈ రెండేండ్లు ఏం జేసినవ్ రా?"

"ఏం లేదన్నా. గా షాపుల ఉన్న."

నాకు ఆ "ఏం లేదు" దగ్గరే మనసు ఆగిపోయింది. రెండేళ్లు పొద్దున తొమ్మిదిన్నరకు షటర్ ఎత్తినోడు, రాత్రి ఎనిమిది దాకా మైక్రోస్కోప్ కింద బోర్డులు చూసినోడు, అదంతా ఏం లేదు అంటున్నాడు. చెయ్యని ఉద్యోగం మాత్రం కొని పెట్టుకుందామా అని అడుగుతున్నాడు.

రెజ్యూమె తెరిచాను. పైన ఆబ్జెక్టివ్: ఛాలెంజింగ్ ఎన్విరాన్‌మెంట్‌లో పనిచేసి సంస్థ ఎదుగుదలకు తోడ్పడటం. కింద తండ్రి పేరు, పుట్టిన తేదీ, మ్యారిటల్ స్టేటస్, చివర్లో పైవన్నీ నిజమేనని డిక్లరేషన్. షాపు గురించి ఒకే లైన్: మొబైల్ రిపేరింగ్‌కు రెస్పాన్సిబుల్.

నవ్వకండి. నా మొదటి రెజ్యూమె కూడా అచ్చం ఇదే. సీనియర్ దగ్గర ఫైల్ తీసుకొని పేరు మార్చి పంపిన బ్యాచ్ మనది.

లాంగ్ బుక్‌లో దొరికిన డేటా

"షాపుల ఫోన్ తీసుకున్నప్పుడు యాడన్న రాసుకుంటరా?" అని అడిగాను. రాసుకుంటారట. ఒక లాంగ్ బుక్ ఉంటుంది. తేదీ, మోడల్, కంప్లైంట్, ఎంత తీసుకున్నారు, మళ్లీ వచ్చిందా లేదా. ఓనర్‌కి ఫోన్ చేసి అడిగాం. "తీస్కపోండ్రి, కస్టమర్ల నంబర్లు మాత్రం ఎవ్వలకు ఇయ్యకుండ్రి" అన్నాడు. ఆ మాట కరెక్ట్. మేం లెక్క మాత్రమే తీసుకున్నాం, పేర్లూ నంబర్లూ ఎక్కడా ఎక్కించలేదు.

సకినాల గిన్నె మధ్యలో పెట్టుకొని మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా కూర్చున్నాం. మా వాడు చదువుతుంటే నేను షీట్‌లో ఎక్కించాను. అప్పుడు ఒక సంగతి బయటపడింది.

షాపుకు ఎక్కువగా వచ్చే కంప్లైంట్లలో ఒకటి "ఛార్జింగ్ ఎక్కట్లే". మొదట్లో అలాంటి ఫోన్ వస్తే నేరుగా ఛార్జింగ్ పోర్ట్ మార్చి ఇచ్చేవాళ్లు. కొన్ని వారం పది రోజుల్లో తిరిగి వచ్చేవి. ఎందుకంటే తప్పు పోర్ట్‌లో ఉండేది కాదు. కొన్నిట్లో పోర్ట్ లోపల దూది, దుమ్ము. కొన్నిట్లో కేబుల్ పోయింది. కొన్నిట్లో బ్యాటరీ అయిపోయింది, ఇంకొన్నిట్లో ఛార్జింగ్ ఫ్లెక్స్. తిరిగొచ్చిన ప్రతి ఫోన్‌కి కస్టమర్‌తో ఒక లొల్లి, పైసలు తీసుకోకుండా ఇంకోసారి పని.

సెప్టెంబర్‌లో మా వాడు ఒక కాగితం మీద ఆరు స్టెప్పులు రాసి కౌంటర్ దగ్గర అతికించాడు. పోర్ట్ క్లీన్ చేసి చూడు. వేరే కేబుల్, అడాప్టర్ పెట్టు. యూఎస్‌బీ మీటర్‌లో ఎంత కరెంట్ లాగుతోందో చూడు. బ్యాటరీ వోల్టేజ్ చూడు. ఫ్లెక్స్ మార్చి చూడు. ఇవన్నీ అయ్యాకే పోర్ట్ మీద చెయ్యి వెయ్యి.

"ఇదేందిరా, ఇది జెప్పవేంది?" అన్నాను.

"గిదేముందన్నా, మామూలే గద."

ఇక బుక్ ఏం చెప్పింది? జూన్ నుంచి ఆగస్టు దాకా ఛార్జింగ్ కంప్లైంట్‌తో 96 ఫోన్లు వస్తే, పదిహేను రోజుల్లో 17 తిరిగొచ్చాయి. సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా 104 వస్తే, 5 మాత్రమే తిరిగొచ్చాయి. అంటే నూటికి 18 దాకా ఉన్నది 5కి వచ్చింది.

"ఏం లేదు" అన్నది ఇదీ.

టెస్ట్ కండిషన్స్ చూసుకోండి

ఇక్కడ సంబరపడి వెంటనే రాసేయలేదు. మనం బ్యాటరీ టెస్ట్ చేసేటప్పుడు రెండు ఫోన్లలోనూ బ్రైట్‌నెస్ ఒకే లెవెల్‌లో పెడతాం కదా. ఒకటి ఫుల్ బ్రైట్‌నెస్‌లో, ఒకటి సగంలో పెట్టి పోలిస్తే అది టెస్ట్ కాదు. ఇదీ అంతే.

జూన్ నుంచి ఆగస్టు అంటే వానాకాలం. నీళ్లలో తడిసిన ఫోన్లు ఎక్కువ వస్తాయి, అవి బాగుచేసినా తిరిగొస్తాయి. ఆ లెక్క కలిస్తే మొదటి మూడు నెలలు కావాలనే చెడ్డగా కనిపిస్తాయి. అందుకే పై లెక్కలో రెండు వైపులా తడిసిన ఫోన్లు తీసేశాం. మళ్లీ ఇంకో ప్రశ్న: షాపులో పనిచేసేది వాడొక్కడేనా? కాదు, ఇంకో ఇద్దరున్నారు. కాబట్టి "నేను తగ్గించాను" అని ఒక్కడే మీదేసుకోవడం తప్పు. లిస్ట్ వాడు తయారు చేశాడు, ముగ్గురూ పాటించారు. అదే రాయాలి.

చివరికి లైన్ ఇలా తయారైంది:

ముందు: మొబైల్ రిపేరింగ్‌కు రెస్పాన్సిబుల్.

తర్వాత: ఛార్జింగ్ సమస్యలకు ఆరు స్టెప్పుల చెకింగ్ లిస్ట్ తయారు చేసి, ముగ్గురు టెక్నీషియన్ల షాపులో అమలు చేయించాను, పదిహేను రోజుల్లో తిరిగొచ్చే ఫోన్లు మూడు నెలల్లో 96లో 17 నుంచి 104లో 5కి తగ్గాయి, నీళ్లలో తడిసినవి కాకుండా.

రెండో లైన్ చదివితే ఇంటర్వ్యూ చేసేవాళ్ల నోట్లో ప్రశ్న దానంతటదే వస్తుంది: ఆ ఆరు స్టెప్పులేంటి? ఆ ప్రశ్నకు మా వాడు నిద్రలో లేపి అడిగినా జవాబు చెప్తాడు. మంచి రెజ్యూమె లైన్ చేసే పని ఇదే. మనకు బాగా తెలిసిన చోటికి సంభాషణను తీసుకుపోతుంది.

ఫార్ములా ఒకటుంది

గూగుల్‌లో ఉద్యోగుల విభాగాన్ని చాలా ఏళ్లు నడిపిన లాస్లో బాక్ 2014లో రెజ్యూమెల మీద రాస్తూ ఒక సింపుల్ ఫార్ములా చెప్పాడు. ఏం సాధించారు, దాన్ని దేనితో కొలిచారు, ఎలా చేశారు. ఈ మూడూ ఒకే లైన్‌లో ఉండాలి. మా వాడి లైన్‌లో చూడండి. సాధించింది: తిరిగొచ్చే ఫోన్లు తగ్గడం. కొలత: 17 నుంచి 5. ఎలా: ఆరు స్టెప్పుల లిస్ట్.

మన సైడ్ నుంచి చూస్తే దీనికి మంచి ఉదాహరణ చింతకింది మల్లేశం. ఆలేరు దగ్గర శారాజీపేట. పోచంపల్లి పట్టుచీర నేయాలంటే ముందు ఆసు పోయాలి. వాళ్ల అమ్మ వేలసార్లు చెయ్యి అటూ ఇటూ ఆడిస్తూ, ఒక చీరకు నాలుగైదు గంటలు ఆ పని చేసేది. భుజం నొప్పితో ఆమె పడే బాధ చూసి మల్లేశం ఏళ్ల తరబడి తిప్పలు పడి 1999లో ఆసు యంత్రం తయారు చేశాడు. దాంతో అదే పని గంటన్నరలో అయిపోతుంది. 2017లో పద్మశ్రీ వచ్చింది. "యంత్రం తయారు చేశాను" అంటే సగం సంగతే తెలుస్తుంది. "నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది" అన్నాకే అది ఎంత పెద్ద పనో అర్థమవుతుంది.

అన్నిటికీ పర్సెంటేజీ ఉండదు

"నా పనికి నంబర్లు లేవు బ్రో" అని చాలామంది అంటారు. నంబర్ లేకపోయినా కొలత ఉండొచ్చు. సిరిసిల్ల మాకు దగ్గరే. అక్కడి నేతన్న నల్ల పరంధాములు అగ్గిపెట్టెలో పట్టే చీర నేశాడు, ఆయన కొడుకు విజయ్ కూడా అదే దారిలో నేస్తున్నాడు. ఆ చీర ఎన్ని గ్రాములు, దారం ఎంత సన్నం అని ఎవరికీ గుర్తుండదు. అగ్గిపెట్టె మాత్రం అందరికీ గుర్తుంటుంది. ఎందుకంటే అది ఎదుటివాడికి ముందే తెలిసిన కొలత.

మీ పనిలో కూడా అలాంటి అగ్గిపెట్టె ఒకటి వెతకండి. కొన్ని చోట్లు చెప్తాను:

టైమ్: ముందు ఎంతసేపు పట్టేది, ఇప్పుడెంత?
ఎన్ని: ఎన్ని ఫోన్లు, ఎన్ని టికెట్లు, ఎంతమంది యూజర్లు?
తప్పులు: ఎన్ని తగ్గాయి, ఎన్ని మళ్లీ రాలేదు?
నిలకడ: ఎన్ని నెలలు ఆగకుండా నడిపారు?
నమ్మకం: మీరు చేసింది మీరు వెళ్లాక కూడా వాడుతున్నారా? కొత్తవాళ్లకు నేర్పించే పని మీకే ఇచ్చారా?

ఈ సైట్ చదివేవాళ్లలో కస్టమ్ రోమ్‌లతో ఆడుకునేవాళ్లు చాలామంది ఉంటారని తెలుసు. దాన్ని హాబీస్‌లో "ఆండ్రాయిడ్ కస్టమైజేషన్" అని ఒక్క ముక్కలో పడేస్తారు. అలా కాకుండా ఇలా రాసి చూడండి: పాత ఫోన్ మోడల్‌కి ఆండ్రాయిడ్ రోమ్ బిల్డ్ చేసి, ఆరు నెలల పాటు ప్రతి నెలా సెక్యూరిటీ ప్యాచ్‌తో రిలీజ్ ఇచ్చాను, యూజర్లు చెప్పిన వోల్టీ కాల్ సమస్యను లాగ్స్ చూసి పట్టుకొని సరిచేశాను. నిజంగా చేసి ఉంటేనే, మీ నెలలు మీవే రాయండి. ఇందులో పర్సెంటేజీ ఒక్కటి కూడా లేదు. అయినా చదివినవాళ్లకు ఈ మనిషి పని మధ్యలో వదిలేయడు అని తెలిసిపోతుంది.

నా రెజ్యూమె సంగతి కూడా చెప్పేస్తా

రెండో జాబ్ కోసం వెతుకుతున్నప్పుడు నా లైన్ ఇది: కోట్లిన్‌తో ఆండ్రాయిడ్ యాప్ డెవలప్‌మెంట్ మీద పనిచేశాను, బగ్స్ ఫిక్స్ చేశాను. నెలలు గడిచినా స్పందన లేదు. ప్రతి ఆండ్రాయిడ్ డెవలపర్ రెజ్యూమెలోనూ అదే లైన్ ఉంటే నన్నే ఎందుకు పిలవాలి?

తర్వాత కూర్చొని ఆలోచిస్తే గుర్తొచ్చింది. మా యాప్ 2 జీబీ ర్యామ్ ఫోన్‌లో ఓపెన్ కావడానికి 4.1 సెకన్లు తీసుకునేది. యాప్ మొదలవగానే లోడయ్యే ఎస్‌డీకేలలో అప్పుడే అవసరం లేనివాటిని పక్కకు జరిపి, తర్వాత లోడయ్యేలా చేశాను. 2.3 సెకన్లకు వచ్చింది. లైన్ ఇలా మారింది: ఎస్‌డీకేల లోడింగ్‌ను వాయిదా వేసి, 2 జీబీ ర్యామ్ ఫోన్లలో యాప్ ఓపెనింగ్ టైమ్‌ను 4.1 నుంచి 2.3 సెకన్లకు తగ్గించాను.

ఇందులో "2 జీబీ ర్యామ్ ఫోన్లలో" అన్న ముక్క చాలా ముఖ్యం. ఫ్లాగ్‌షిప్‌లో అసలు సమస్యే లేదు. ఏ పరిస్థితిలో కొలిచామో చెప్తేనే నంబర్‌కి విలువ. ఇంకో జాగ్రత్త: క్లయింట్ పేరు, కంపెనీ లోపలి రెవెన్యూ లెక్కలు రాయకండి. టైమ్, శాతం లాంటివి సరిపోతాయి.

ముందు తెలుగులో చెప్పుకోండి

నేను కనిపెట్టిన చిన్న ట్రిక్ ఇది. రెజ్యూమె పంపేది ఇంగ్లిష్‌లోనే. రాయడం మాత్రం తెలుగులో మొదలుపెట్టండి. ఇంటికి పోతే మా బాపు "ఏం పని జేస్తున్నవ్ బిడ్డా?" అని అడుగుతాడు. "రెస్పాన్సిబుల్ ఫర్ మాడ్యూల్ ఎన్‌హాన్స్‌మెంట్" అని చెప్పగలనా? చెప్పలేను. "ఫోన్ల యాప్ లేటుగ తెరుచుకుంటుండె బాపు, జల్ది తెరుచుకునేటట్టు జేసిన" అంటాను. అందులోనే అన్నీ ఉన్నాయి. ముందు ఏముండె, నేనేం చేసిన, తర్వాత ఏమైంది. మన వాక్యం చివర క్రియ వచ్చి కూర్చుంటుంది కాబట్టి చేసిందేంటో చెప్పక తప్పదు. ఆ వాక్యాన్నే తర్వాత ఇంగ్లిష్‌లోకి తెచ్చుకోండి, డెవలప్డ్, రెడ్యూస్డ్, ఫిక్స్‌డ్ లాంటి మాటలు వాటంతటవే ముందుకొస్తాయి.

ఎవరికి పంపుతున్నామన్నదీ చూసుకోవాలి. 1482 ప్రాంతంలో లియొనార్డో డావిన్చి మిలాన్ పాలకుడు లుడోవికో స్ఫోర్జాకు కొలువు కోసం రాసిన ఉత్తరాన్ని చాలామంది మొదటి రెజ్యూమె అంటారు. అంత గొప్ప చిత్రకారుడు తన బొమ్మల గురించి చివర్లోనే చెప్పాడు. ముందంతా వంతెనలు, ఫిరంగులు, కోటలు పగలగొట్టే ఉపాయాలు. స్ఫోర్జాకు అప్పుడు కావలసినవి అవే మరి. అయితే ఒక తేడా గమనించండి. ఆయన ఎక్కువగా రాసింది "చేయగలను" అని. మనకు డావిన్చి పేరు లేదు కాబట్టి మనం "చేశాను" అనే రాయాలి.

ఫేక్ పెడితే ఏమవుతుంది?

తమ్ముడు అడిగిన మొదటి ప్రశ్నకు వద్దాం. ఫేక్ పెట్టుకుందునా? వద్దు. నీతి సంగతి పక్కన పెట్టినా, పని కూడా కాదు. చాలా కంపెనీలు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేయిస్తాయి. పీఎఫ్ కట్ చేసే కంపెనీలో పనిచేశానంటే యూఏఎన్‌లో సర్వీస్ హిస్టరీ కనిపించాలి. లేకపోతే ఎందుకు లేదని అడుగుతారు. జాయినయ్యాక దొరికితే ఉద్యోగం పోతుంది, ఆ తర్వాత ప్రతి ఇంటర్వ్యూలో ఆ గ్యాప్‌కు కూడా జవాబు చెప్పుకోవాలి.

నంబర్లు పెంచి రాయడం కూడా ఫేకే. 5 శాతం అన్నచోట 50 అని రాస్తే, "ఎలా కొలిచారు?" అన్న ఒక్క ప్రశ్నకు దొరికిపోతాం. లెక్క పక్కాగా లేకపోతే "సుమారుగా" అని రాయండి, ఎలా అంచనా వేశారో చెప్పడానికి రెడీగా ఉండండి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

అసలు నాకు బాధ కలిగించింది వేరే. మా దగ్గర చాలామంది పిల్లలు ఏసీ ఆఫీసులో చేసిందే పని అనుకుంటారు. షాపులో, మగ్గం దగ్గర, గల్ఫ్ సైట్‌లో చేసింది పని కాదనుకుంటారు. అందుకే ఉన్నది దాచి లేనిది కొంటారు.

పంపే ముందు ఈ 7 చెక్ చేసుకోండి

1. ప్రతి లైన్ మీరు చేసిన పనితో మొదలవుతోందా? "రెస్పాన్సిబుల్" ఉంటే తీసేయండి.
2. ముందు ఎలా ఉండేది, తర్వాత ఎలా ఉంది అన్నది కనిపిస్తోందా?
3. ఏ పరిస్థితిలో, ఎన్నాళ్లలో కొలిచారో ఉందా?
4. టీమ్ చేసిందీ మీరు చేసిందీ విడిగా తెలుస్తున్నాయా?
5. ఆ లైన్ మీద ఐదు నిమిషాలు ఆగకుండా మాట్లాడగలరా? లేకపోతే తీసేయండి.
6. ఆబ్జెక్టివ్, డిక్లరేషన్, మ్యారిటల్ స్టేటస్ తీసేశారా? ఆ జాగాలో ఇంకో రెండు పనులు పడతాయి. ఫ్రెషర్‌కి ఒక్క పేజీ చాలు.
7. డిజైన్ సింపుల్‌గా ఉందా? చాలా కంపెనీల్లో ముందుగా సాఫ్ట్‌వేరే రెజ్యూమెను చదువుతుంది. రెండు కాలమ్‌లు, టేబుల్స్, స్కిల్స్ పక్కన స్టార్ రేటింగ్‌లు ఉంటే కొన్నిసార్లు దానికి సరిగ్గా అర్థం కావు. పైథాన్‌కి ఐదులో నాలుగు స్టార్లు అని మనకు మనమే ఇచ్చుకుంటే మనుషులకు కూడా అర్థం కాదు.

ఒక మాట ఇప్పుడే చెప్తున్నా: ఇవాళ్టి నుంచి ఫోన్ నోట్స్‌లో ఒక పేజీ పెట్టుకోండి. ప్రతి శుక్రవారం ఆ వారం చేసింది రెండు లైన్లు రాయండి. ముందు ఎంతుందో ఆ రోజే రాసిపెట్టుకోకపోతే, ఎంత తగ్గించారో తర్వాత చెప్పలేరు. మా వాడికి లాంగ్ బుక్ ఉంది కాబట్టి సరిపోయింది.

తర్వాత ఏమైంది?

కొత్త రెజ్యూమె పంపాక నెలన్నరలో మూడు కాల్స్ వచ్చాయి. ఒకచోట ఫోన్‌లోనే వద్దన్నారు. ఇంకోచోట ఇంగ్లిష్ దగ్గర తడబడ్డాడు. మూడోచోట, డివైజ్ టెస్టింగ్ జాబ్‌కి, ఇంటర్వ్యూ చేసినాయన మిగతాదంతా వదిలి "ఆ ఆరు స్టెప్పులు చెప్పండి" అన్నాడట. మా వాడు కాగితం తీసుకొని గీసి చూపించాడట. యూఎస్‌బీ మీటర్‌లో కరెంట్ తక్కువ చూపిస్తే నెక్స్ట్ ఏం చూస్తావు అని ఇరవై నిమిషాలు అదే నడిచిందట.

జాబ్ వచ్చింది. జీతం గొప్పగా ఏం లేదు, హైదరాబాద్‌లో రూమ్ రెంట్ పోను కొంచెం మిగులుతుంది. జాయినయ్యే ముందు రోజు షాపుకు పోయి వచ్చాడు. రాత్రి నాకు ఒక ఫోటో పంపాడు. కౌంటర్ దగ్గర అతికించిన ఆ కాగితం. నూనె మరకలు, ఫ్లక్స్ మరకలు పడి ఉంది. అడుగున ఏడో స్టెప్ ఒకటి కొత్తగా రాసి ఉంది, చేతిరాత వాడిది కాదు.

"ఎవలు రాసిన్రో ఎర్కలేదన్నా," అన్నాడు. "గని వాడుతున్నరు."

మీ పనిలో మీరు "ఏం లేదు" అనుకుంటున్నది ఏంటి? కింద కామెంట్‌లో ఒక్క లైన్ రాయండి. ముందు ఏముండె, మీరేం చేశారు, తర్వాత ఏమైంది. రెజ్యూమె లైన్‌గా ఎలా మార్చాలో కలిసి చూద్దాం.